హీరోయిన్ చేతి చప్పుడు

నవంబర్ 24, సోమవారం

ముందు కమలాకర్‌ని చెవుల డాక్టరుకి చూపించాలి. ప్రేమ్ చంద్‌ని ఏ డాక్టరుకి చూపించాలో ఇంకా తేల్చుకోలేదు.

అనాల్సిన మాటలన్నీ ఇంటికొచ్చాక గుర్తొస్తున్నాయి. అక్కడ నోరు పెగల్లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ పుస్తకం ముందు పేజీల్లో స్టూడియో పని రాసుకుంటాను కాబట్టి ఇంట్లో ఎవరూ తెరవరు. ఎవరూ అంటే మా ఆయన ఒక్కడే.

నేను అనాల్సింది ఇది: "అయ్యా డైరెక్టరు గారూ, ఇరవై ఆరేళ్లుగా ఈ ఫిల్మ్ నగర్‌లో సినిమాలకి చప్పుళ్లు చేస్తున్నాను. మీ షూటింగులో రికార్డు కాని చప్పుళ్లన్నీ ఈ గదిలో కూర్చుని, తెర చూసుకుంటూ పుట్టించేది నేను. హీరోయిన్ మెట్లు దిగితే ఆ కాళ్లు నావి. గాజులు సర్దుకుంటే ఆ గాజులు నావి. హీరో బుగ్గ నిమిరితే ఆ చెయ్యి ఈ అంతోనమ్మది. మీరు ఇంటర్ చదివేటప్పుడు ఎవరి ఫొటో పుస్తకంలో దాచుకున్నారో, ఆ పిల్ల చెయ్యి కూడా నాదే."

అన్నది మాత్రం: "సరే సార్."

ఇవాళ మొదటి రాత్రి సీను. తెర మీద ఆ పిల్ల హీరో బుగ్గ మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి దించుతుంది. నేను మైకు ముందు కూర్చుని నా ఎడం ముంజేతి మీద కుడిచెయ్యి పెట్టి, ఆ పిల్ల వేగానికి సరిగ్గా దించాను. అద్దం అవతల కమలాకర్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు. పదిహేనేళ్లుగా నా చప్పుళ్లు రికార్డు చేస్తున్న మనిషి.

"అక్కా, ఏమనుకోకు. చెయ్యి బర్ర బర్ర అంటుంది. హీరోయిన్ నిమిరినట్టు లేదు, ఉప్పుకాయితం వెట్టి రాసినట్టున్నది" అన్నాడు.

డైరెక్టరు ప్రేమ్ చంద్ ఇంకా మర్యాదస్థుడు. "మేడమ్, ఆ అమ్మాయికి ట్వెంటీ టూ. నాకు ఆ సాఫ్ట్‌నెస్ కావాలి. మీ హ్యాండ్స్‌లో ఏజ్ వినిపిస్తోంది" అన్నాడు.

వినిపిస్తోందట! కనిపిస్తే రంగేసుకుంటాం, వినిపిస్తే ఏం వేసుకోవాలి?

డిసెంబర్ పదకొండున మళ్లీ ఆ సీను చేస్తారట. ఆ లోపు నా చేతులు దారికొస్తే నేనే. లేకపోతే జెరూష. ఆర్నెల్ల కిందట పని నేర్చుకుంటానని నా దగ్గరికే వచ్చిన పిల్ల, ఇరవై నాలుగేళ్లు. ఈ సినిమా ఒక్కటే కాదు, ఇకముందు హీరోయిన్ల చేతులన్నీ ఆ పిల్లకే ఇచ్చి నాకు తలుపులూ గిన్నెలూ ఉంచుతారట. ఆ పిల్ల నా వంక చూడకుండా నేలకేసి చూస్తూ నిలబడింది.

నవంబర్ 25

నాకేం బాధ లేదు.

నవంబర్ 26, బుధవారం

పగటి వెలుగులో చేతులు చూసుకున్నాను. ఇన్నాళ్లూ వీటిని వినడమే గానీ చూడలేదు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం వదులై ముడతలు పడింది. కుడి బొటనవేలి పక్కన రెండు పగుళ్లు, ఒకదాంట్లో నెత్తురు గీత. పగలవా మరి? ఇసుకలో చేతులు పెట్టాలి, తడిగుడ్డ పిండాలి, మళ్లీ గాజుల సీనుకి కడుక్కోవాలి. రోజుకి ఇరవైసార్లు కడుగుడే. అసలు వీటికి పెన్షన్ ఇవ్వాలి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఆ అద్దాల షాపుకెళ్లాను. లోపల ఏసీకి ఇంకో రెండు పగుళ్లు వచ్చుంటాయి. కౌంటర్లో పిల్ల "హ్యాండ్ క్రీమ్ ఎవరికి మేడమ్?" అంది.

"మా అత్తగారికి" అన్నాను. ఆవిడ పోయి పదకొండేళ్లయింది.

"ఏజ్ ఎంత ఉంటుంది మేడమ్?"

"యాభై ఆరు."

ఆ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీ అత్తగారికా?" అంది. "చిన్నప్పుడే పెళ్లయింది" అన్నాను. ఎవరికో చెప్పలేదు, ఆ పిల్లా అడగలేదు.

గులాబీ, లావెండరు, ముత్యాల పొడి, బంగారు రేకులు అని ఏవేవో చూపించింది. ఒకదాని మీద 'వయసును వెనక్కి తిప్పును' అని రాసుంది. ఎంత వెనక్కి తిప్పుతుందో, ఎక్కడ ఆపాలో రాయలేదు. పెళ్లికి ముందుకి తీసుకెళ్తే నాకు అభ్యంతరం లేదు. గులాబీది తీసుకున్నాను. ఇంటికొచ్చి రాస్తే పగుళ్లలో కారం పెట్టినట్టు మండింది.

అన్నం తింటూ మా ఆయన ముద్ద వాసన చూసి, "ఏవే, పప్పులో అత్తరేమైనా పడిందా?" అన్నాడు.

నవంబర్ 29, శనివారం

జెరూష తన బ్యాగులోంచి ఒక సీసా తీసి ఇచ్చింది. "ఇది వాడండి ఆంటీ, నాకు బాగా పనిచేస్తుంది" అంది. నా కుర్చీలో కూర్చోబోయే పిల్ల నా చేతులకి వైద్యం చేస్తోంది. మంచితనమో, తొందరో తెలియలేదు. మంచితనమే అనుకుంటాను. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

పట్టించి మైకు ముందు కూర్చున్నాను. వేరే సినిమాలో తల్లి కొడుకు తల నిమిరే సీను. నిమిరాను. అద్దం అవతల కమలాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా! తల్లీకొడుకుల సీనక్కా! ముద్దు వెట్టినట్టు గా చప్పుడేంది? సెన్సారోల్లు ఇంటే ఇజ్జత్ పోతది!"

జిడ్డు. చెయ్యి అతుక్కుని, ఊడొచ్చేటప్పుడు చప్‌మంటోంది. కడుక్కొచ్చి మళ్లీ చేశాను. మళ్లీ బర్ర బర్ర. జెరూష మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ నేను నవ్వలేదు.

నవంబర్ 30, ఆదివారం

గుళ్లో ప్రసంగం వినలేదు. ఫాదర్ గారి చేతులే చూస్తూ కూర్చున్నాను. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం నిన్న పుట్టిన పిల్లాడివి. ఏం రాస్తారని అడుగుదామనుకుని, ఏం పని చేస్తారన్నది గుర్తొచ్చి ఊరుకున్నాను.

దేవుడా, తప్పయితే క్షమించు. తప్పని అనిపించడం లేదు.

డిసెంబర్ 2, మంగళవారం

వెంగళరావు నగర్‌లో చర్మాల డాక్టరు రష్మి గారి దగ్గరికి వెళ్లాను. చిన్నపిల్లే గానీ నా రెండు చేతులూ దీపం కింద పెట్టి బియ్యంలో రాళ్లు ఏరినట్టు చూసింది.

"వాసన ఉన్నదేదీ రాయకండమ్మా, పగుళ్లకి మంట. పేరూ డబ్బా అందం చూడకండి. పల్చగా జారేది కాదు, గట్టిగా ఉండేది కొనండి. ముందు నాలుగు రోజులు పగుళ్లు మూసుకునేదాకా డబ్బాలో ఉండే తెల్ల ఆయింట్‌మెంట్. ఆ తర్వాత ఈ ట్యూబు, ఇందులో యూరియా ఉంటుంది."

"యూరియానా? మా తమ్ముడు వరికేస్తాడు."

"మీరు ట్యూబులోదే వెయ్యండి" అంది నవ్వకుండా. "చేతులు కడిగాక పూర్తిగా తుడుచుకోవద్దు. తడి ఉండగానే రాయాలి. అప్పుడే ఆ తడి లోపల నిలుస్తుంది. కడిగిన ప్రతిసారీ రాయాలి. రాశాక కాసేపు నూలు మేజోళ్లు తొడుక్కుంటే ఇంకా మంచిది."

నాలుగు ముక్కల్లో తేల్చేసింది. అద్దాల షాపులో గంటసేపు తిరిగితే ఒక్కళ్లూ ఈ మాట చెప్పలేదు. మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబు చూస్తే గేదెకి పూసేదానిలా ఉంది. దాని మీద పువ్వు లేదు, ఆడమనిషి బొమ్మ లేదు. నమ్మకం కుదిరింది.

డిసెంబర్ 4

మధ్యాహ్నం చేతులకి మేజోళ్లతో పడుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏవే, తలకిందులుగా నడుద్దామనా?"

పేజీ తిప్పాలంటే మేజోడు తియ్యాలి. ఇంక రాయను.

డిసెంబర్ 9, మంగళవారం

మూసుకున్నాయి! ఒక్క పగులు లేదు. వేలితో వేలు రాసుకుంటే వెన్న. మధురానగర్‌లో కూరగాయల వాడి దగ్గర చిల్లర కావాలనే అరచేతిలో పెట్టించుకున్నాను. వాడు చూడలేదు. మా ఆయనకి కంచం అందించేటప్పుడు చెయ్యి కాసేపు అలాగే ఉంచాను. "కంచం వదులు" అన్నాడు.

ఫరవాలేదు. వీళ్లెవరూ చూడక్కర్లేదు. మైకు వింటే చాలు. ఎల్లుండి ఆ ప్రేమ్ చంద్ నోట్లోంచి సారీ అన్న మాట రాబట్టకపోతే నా పేరు అంతోనమ్మ కాదు.

డిసెంబర్ 11, గురువారం

నా పేరేంటో తెలియడం లేదు.

పట్టుచీర కట్టుకుని వెళ్లాను. చీర చప్పుడు మైకులో పడుతుందని కమలాకర్ తిట్టి, ఆఫీసులో అమ్మాయి చున్నీ చుట్టబెట్టించాడు. సరే. ఎర్రలైటు వెలిగింది. తెర మీద ఆ పిల్ల చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. దించాను.

"అక్కా, షురూ చెయ్" అన్నాడు కమలాకర్.

"చేశానుగా."

"మల్లొక్కసారి చెయ్."

చేశాను. సౌండు పెంచాడు. మళ్లీ చేశాను. ఇంకా పెంచాడు. ఈసారి ఏసీ వినపడింది, నా ఊపిరి వినపడింది, నా కడుపు గుర్రుమనడం గదంతా దద్దరిల్లేలా వినపడింది. చెయ్యి మాత్రం లేదు.

"గిదేందక్కా, చెయ్యి మాయమైంది!"

ప్రేమ్ చంద్ వెంటనే జెరూషని కూర్చోబెట్టాడు. ఆ పిల్ల తన ముంజేతి మీద తన చెయ్యి దించింది. దానికీ అంతే. చప్పుడు లేదు. రెండు పిల్లులు ఒకదాని వెనక ఒకటి గది దాటి వెళ్లినట్టయింది.

అప్పుడు అర్థమైంది నాకు, ఇరవై ఆరేళ్ల తర్వాత. నిజంగా మెత్తగా ఉన్న చేతికి చప్పుడే ఉండదు. జనం హాల్లో విని మైమరిచిపోయిన ఆ సుకుమారం ఇసుకలోనూ సబ్బులోనూ నానిన నా పొడిచర్మానిది. అది కాస్త హద్దు దాటి పగిలిందని వీళ్లు గోల చేస్తే, నేను మందు రాసి మొత్తానికే లేకుండా చేశాను.

పోయిన నెల రికార్డు చేసింది కమలాకర్ అప్పుడే చెరిపేశాడట. "బర్ర బర్ర దాస్కుని ఏం జేస్త?" అన్నాడు. పాత సినిమాల్లోది వాడదామంటే ప్రతి చోటా వెనక పాటో మాటో ఉంది.

"మేడమ్," అన్నాడు ప్రేమ్ చంద్, ఈసారి చేతులు కట్టుకుని, "మీ పాత హ్యాండ్స్ తెచ్చుకోగలరా? మరీ లాస్ట్ మంత్‌వి కాదు. లాస్ట్ ఇయర్‌వి. సోమవారానికి."

"సబ్బునీళ్లల్ల నానవెట్టక్కా రెండు దినాలు. బర్తన్ సబ్బు అయితే జల్ది ఎండుతయి" అన్నాడు కమలాకర్.

సరే అన్నాను. నేను సరే అనకుండా ఉన్నదెప్పుడు?

డిసెంబర్ 12, శుక్రవారం

అంట్ల సబ్బుతో పొద్దున మూడుసార్లు కడిగాను. తుడుచుకుని ఫ్యాను కింద పెట్టాను. మళ్లీ కడిగాను. నాలుగోసారి బొటనవేలి పక్కన సన్నటి గీత విచ్చుకుంది. అదే చోట.

అప్పుడు సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. నొప్పికి కాదు. యాభై ఆరేళ్లొచ్చి, బాగుపడిన చేతుల్ని నేనే మళ్లీ పాడుచేసుకుంటున్నాను, ఎందుకంటే ఇంకో పిల్లని నా కుర్చీలో చూడలేను కనక. బాధ లేదు అని ఇందులో ఎక్కడో రాశాను. అబద్ధం. ఇన్ని రోజులూ అదే బాధ.

కుళాయి ఆగకపోవడం చూసి మా ఆయన వంటగదిలోకి వచ్చాడు. "ఏంటే ఇది, చేతులు ఊడతాయి" అని సబ్బు లాక్కుని, కుళాయి కట్టేసి, నా మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగాడు. ఆయన అరచెయ్యి తడి అంటని నా ముంజేతి మీద జారింది.

వినపడింది! బర్ర బర్ర కాదు. పొడిగా, మెల్లగా, సన్నటి చీర మంచం మీంచి జారినట్టు.

"మళ్లీ పట్టుకోండి" అన్నాను.

"ఏంటి?"

"ఇంకోసారి. నెమ్మదిగా. కిందికి దించండి."

మా ఆయన బాలశౌరి గారు కిటికీ వంక చూశారు, ఎవరైనా ఉన్నారేమోనని. సబ్బు అక్కడ పెట్టేసి ముందు గదిలోకి పారిపోయారు. మర్యాదగా రాశానంటే నాకు ఎంత నవ్వొచ్చిందో మళ్లీ చదివినప్పుడు గుర్తుండాలి.

డిసెంబర్ 13, శనివారం

మా ఆయన ఒప్పుకోడానికి పూటంతా పట్టింది.

"నేనా? హీరోయిన్‌నా?"

"చెయ్యి వరకే."

ముప్ఫై అయిదేళ్లు సినిమా సెట్లకి వడ్రంగం చేసిన మనిషి. ప్లైవుడ్డుతో రాజుగారి కోటలు కట్టాడు, జైళ్లు కట్టాడు, ఒకసారి స్వర్గం కూడా కట్టాడట, దానికి చెదలు పట్టిందట. రిటైరయ్యాక కూడా ఇంటి వెనక ఏదో ఒక చెక్క పట్టుకునే ఉంటాడు. ఆ చేత్తో నా మెత్తటి చెయ్యి నిమిరితే చాలు. ఒకటి పొడిగా, ఒకటి నున్నగా ఉండాలి. ఇంత చిన్న కిటుకు పట్టుకోడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"బిర్యానీ పెట్టిస్తారా?" అన్నాడు చివరికి.

డిసెంబర్ 15, సోమవారం

ఇస్త్రీ చొక్కా, మొహానికి పౌడరు. మైకు చూసి దండం పెట్టాడు. తెర మీద మంచం, పూలు కనపడగానే మొహం తిప్పుకుని, "ఛీ, ఈ సీనా? ముందే చెప్పొద్దూ?" అన్నాడు. జెరూష చున్నీ నోట్లో కుక్కుకుంది.

మొదటిసారి మరీ గట్టిగా లాగాడు. "హీరో బుగ్గని చిత్రిక పడుతున్నారా?" అన్నాను. రెండోసారి భయపడి తాకనే లేదు. మూడోసారి తుమ్మాడు. నాలుగోసారి కళ్లు మూసుకోమన్నాను. తెర నేను చూస్తాను, రెండో చేత్తో మీ మోకాలు నొక్కినప్పుడు మొదలుపెట్టండి, వదిలినప్పుడు ఆపండి అన్నాను. కమలాకర్ ఇంకో హెడ్‌ఫోన్స్ ఇచ్చి నా చెవులకి పెట్టించాడు.

నొక్కాను. ఆయన చెయ్యి నా ముంజేతి మీద కదిలింది. అది నా చెవుల్లోకి ఎంత పెద్దగా వచ్చిందంటే ఉలిక్కిపడ్డాను. అరచేతిలో ఎక్కడ కాయ కాసిందో, ఎక్కడ చర్మం లేచిందో అంతా వినపడింది. ముప్ఫై రెండేళ్ల కాపురంలో ఈ చెయ్యి ఇంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. నాకు సిగ్గేసింది. తెర మీద ఆ పిల్ల కూడా సిగ్గుపడుతోంది, దాన్ని చూస్తూ టైము పట్టుకున్నాను.

"ఓకే! ఓకే! సూపర్!" ప్రేమ్ చంద్ అద్దం మీద కొట్టాడు. "అదీ! అదీ ట్వెంటీ టూ అంటే!"

అరవై ఒక్కేళ్ల ట్వెంటీ టూ మంచినీళ్లడిగింది.

వెళ్లేటప్పుడు కమలాకర్ మెట్ల దాకా వచ్చాడు. "జనవరి అయిదు నుంచి కొత్త సిన్మా ఉన్నది. హీరోయిన్ చేతులు మీ ఇద్దరివే. అక్క టైమింగ్, బావ చెయ్యి. బావా, చేతులకు ఏం రాయకు మల్ల! గిట్లనే ఉంచు!"

నా కుర్చీ నిలబడింది. సగం ఆయనదైనా సరే. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

డిసెంబర్ 17, బుధవారం

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోడానికి మా ఆయన బొటనవేలు వాడడం లేదు. నాలుగు వేళ్లతో పట్టుకుంటున్నాడు. ఎప్పటి నుంచో అలాగే పట్టుకుంటున్నాడనుకుంటా, నేను ఈ రోజు చూశాను.

"ఏదీ, చూపించండి."

"ఏం లేదులే."

చెయ్యి లాగి కిటికీ దగ్గర పెట్టాను. బొటనవేలి మొదట్లో పగులు, నాది దాని ముందు ఎందుకూ పనికిరాదు. దాన్నిండా ఏదో గట్టిపడి మెరుస్తోంది. చూపుడు వేలికీ అంతే. ఎడం చేతికి మూడు చోట్ల.

"ఇదేంటి?"

"జిగురు."

"ఏం జిగురు?"

"చెక్కకి రాసేదే. బీట విచ్చితే ఒక చుక్క వేసి నొక్కిపట్టుకుంటే అతుక్కుపోతుంది. సెట్లో అందరం అదే వేసుకునేవాళ్లం. నెత్తురు పనికి అంటకూడదుగా."

"మరి మండదా?"

"మొదట మండుద్ది."

"నా మందులు ఆ గూట్లోనే ఉన్నాయిగా. ఒక్కసారైనా రాసుకోవచ్చుగా?"

"అది నీ సినిమాకి కదా" అన్నాడు. "అయిపోతే ఇబ్బంది పడతావని ముట్టుకోలేదు."

నేను రెండు వారాలు ఇదే ఇంట్లో, ఇదే మనిషి ముందు, చేతులకి మేజోళ్లు తొడుక్కుని పడుకున్నాను.

అంతలో కమలాకర్ ఫోను. "అక్కా, బావ చేతులు పైలమా? ఏం రాస్తలేడు గదా?" అన్నాడు. తర్వాత చేస్తానని పెట్టేశాను. ఈ చేతులకి మందు రాస్తే పది రోజుల్లో నా చేతుల్లాగే నోరు మూసుకుంటాయి. జనవరి అయిదున మైకు ముందు ఇద్దరం రెండు వెన్నముద్దల్లా కూర్చోవాలి. ఇంకో పొడిచెయ్యి వెతుక్కోడానికి కమలాకర్ ఆగడు, కంప్యూటర్లోంచి ఏదో ఒకటి తీసి అతికిస్తాడు. హీరోయిన్ చెయ్యి అంతటితో సరి. అంతా తెలుసు నాకు. పొయ్యి మీద నీళ్లు పెట్టేటప్పుడు కూడా తెలుసు.

గోరువెచ్చటి నీళ్లలో ఆయన చేతులు నానబెట్టాను. జిగురు పొరలు పొరలుగా లేచింది. కొంచెం తడి ఉంచి తుడిచాను. ట్యూబు పక్కన పెట్టి, ముందు డబ్బాలో తెల్ల ఆయింట్‌మెంట్ తీసి, బొటనవేలి పగుల్లోకి నిదానంగా నింపాను. ఆయన ఊపిరి బిగబట్టాడు. తర్వాత వదిలాడు.

"కమలాకర్ వద్దన్నాడు కదే. మరి నీ హీరోయిను?" అన్నాడు.

"ఇంకెవరి మొగుణ్నైనా చూసుకోమందాం. ఆ చెయ్యి కూడా ఇటివ్వండి."